ఎలక్ట్రిక్ సరుకు బండిలో క్యాన్ నెట్‌వర్క్ భాగాలను పరీక్షించడం ఎలా? ర్యాంపు ఎక్కేటప్పుడు మాత్రమే వచ్చే కమ్యూనికేషన్ లోపం

ప్రశ్న (కర్మాగార నిర్వహణ)

నమస్కారం. నేను పటాన్‌చెరు పారిశ్రామిక వాడలోని ఒక కర్మాగారంలో వాహనాల నిర్వహణ చూస్తున్నాను. గోదాము నుంచి ఉత్పత్తి షెడ్డుకు సరుకు చేరవేయడానికి మా దగ్గర 72 వోల్టుల లిథియం బ్యాటరీతో నడిచే నాలుగు చక్రాల ఎలక్ట్రిక్ బండ్లు ఉన్నాయి. వాటిలో ఒక బండి నిండు బరువుతో ర్యాంపు ఎక్కుతున్నప్పుడు డిస్‌ప్లే మీద కమ్యూనికేషన్ లోపం అనే హెచ్చరిక వస్తోంది. ఆ వెంటనే వేగం నడక వేగానికి పడిపోతోంది. తాళం ఆపి మళ్లీ వేస్తే హెచ్చరిక పోయి బండి మామూలుగా నడుస్తుంది. చదునైన నేల మీద ఖాళీ బండితో ఎంత తిప్పినా ఈ లోపం దాదాపుగా కనిపించదు.

ఈ బండిలో క్యాన్ లైను (భాగాలు ఒకదానికొకటి సందేశాలు పంపుకునే రెండు వైర్ల లైను) మీద మోటార్ కంట్రోలర్, బ్యాటరీ పెట్టెలోని బీఎంఎస్ (బ్యాటరీని పర్యవేక్షించే వ్యవస్థ), చార్జర్, డిస్‌ప్లే ఉన్నాయి. వీటితో పాటు బండ్ల కదలికలు తెలుసుకోవడానికి తరువాత అమర్చిన జీపీఎస్ పరికరం కూడా అదే లైనుకు కలిపి ఉంది. సర్వీసుకు వచ్చిన సాంకేతిక నిపుణుడు మోటార్ కంట్రోలర్ మార్చమని సూచించారు. దాని ధర తక్కువ కాదు, పైగా అది పాడైందని చూపే కొలత ఏదీ ఆయన మాకు ఇవ్వలేదు. కొలత లేకుండా అంత ఖర్చుకు అనుమతి అడగడం నాకు ఇష్టం లేదు. మా దగ్గర మంచి డిజిటల్ మల్టీమీటర్, ల్యాప్‌టాప్‌కు తగిలించే యూఎస్‌బీ క్యాన్ అడాప్టర్ ఉన్నాయి, ఆసిలోస్కోప్ లేదు. ఏ భాగంతో మొదలుపెట్టాలో, ఒక్కో భాగం బాగుందో లేదో ఎలా తేల్చుకోవాలో, ఏ కొలత వస్తే దాన్ని ఏమని అర్థం చేసుకోవాలో అనుభవం ఉన్నవారు వివరించగలరని కోరుతున్నాను.

సమాధానం (వాహన వైరింగ్)

నమస్కారమండీ. కంట్రోలర్ మార్చకుండా మీరు ఆగడం మంచిదైంది. క్యాన్ లైను మీద ఒక చోట ఉన్న లోపం మరో చోట హెచ్చరికగా బయటపడటం చాలా మామూలు విషయం. తనకు సమయానికి అందవలసిన సందేశం అందలేదని మాత్రమే డిస్‌ప్లే చెప్పగలదు, అది ఎక్కడ ఆగిపోయిందో దానికి తెలియదు. కాబట్టి భాగాల జోలికి పోకముందు వాటిని కలిపే రెండు వైర్ల సంగతి పూర్తిగా తేల్చండి.

ముందుగా భద్రత గురించి చెప్పాలి. 72 వోల్టుల లిథియం బ్యాటరీ పూర్తిగా చార్జ్ అయినప్పుడు 80 వోల్టులు దాటుతుంది. డీసీలో 60 వోల్టులు దాటిన సర్క్యూట్‌ను వాహన భద్రతా నియమాలు అధిక వోల్టేజీ కిందనే లెక్కిస్తాయి. తాళం ఆపి, చక్రాలకు అడ్డు పెట్టి, ప్రధాన బ్యాటరీ కనెక్టర్ విడదీసిన తరువాత కూడా కంట్రోలర్ లోపలి కెపాసిటర్లలో చార్జ్ కొంతసేపు నిలిచి ఉంటుంది. కంట్రోలర్ పాజిటివ్, నెగెటివ్ కొనల మధ్య మీటరు పెట్టి, వోల్టేజీ పడిపోయిందని కళ్లతో చూసిన తరువాతే ఇతర పనులు మొదలుపెట్టండి. చేతి ఉంగరం, లోహపు గడియారం తీసి పక్కన పెట్టండి.

మొదటి కొలత ఓమ్‌లలో తీసుకోవాలి, అదీ విద్యుత్తు పూర్తిగా ఆపి ఉన్నప్పుడే. లైను మీద భాగాలు మేల్కొని ఉంటే వాటి ట్రాన్సీవర్లు (లైను మీద సందేశాలు పంపి, అందుకునే చిప్‌లు) పెట్టే వోల్టేజీ మీటరును తప్పుదారి పట్టిస్తుంది. డయాగ్నస్టిక్ సాకెట్ వద్ద క్యాన్ హై, క్యాన్ లో పిన్నుల మధ్య నిరోధం చూడండి. లైను రెండు చివరల 120 ఓమ్‌ల టర్మినేటర్లు (లైను చివర పెట్టే రెసిస్టర్లు) ఒక్కొక్కటి ఉంటాయి, రెండూ సమాంతరంగా కలిసి 60 ఓమ్‌లు చూపాలి. 120 దగ్గర వస్తే ఒక టర్మినేటర్ లేదు, లేదా దాని వైపు పోయే వైరు ఎక్కడో తెగింది. 40 వస్తే లైను మీద మూడో టర్మినేటర్ ఉన్నట్టే. కొన్ని ఓమ్‌లే వస్తే రెండు వైర్లు ఎక్కడో ఒకదానికొకటి తగులుతున్నాయి. వేల ఓమ్‌లు వస్తే మీరు కొలుస్తున్న చోటికి ఏ టర్మినేటరూ అందడం లేదు.

తరువాత ఒక్కో భాగం కనెక్టర్‌ను విప్పుతూ మీటరును గమనించండి. ఒక భాగం విప్పినప్పుడు 60 కాస్తా 120 అయితే ఆ భాగం లోపల టర్మినేటర్ ఉంది, లేదా దాని మీదుగానే లైను అవతలి చివరకు పోతోంది. ఏ మార్పూ లేకపోతే అది మధ్యలో కొమ్మగా కలిసిన భాగం. చాలా బండ్లలో టర్మినేటర్లు కంట్రోలర్‌లోనో బీఎంఎస్‌లోనో లోపలే ఉంటాయి. వైరింగ్ పటం దొరకకపోయినా ఈ పద్ధతిలో మీరే ఒక పటం గీసుకోవచ్చు. అలా విప్పి ఉన్నప్పుడే ఒక్కో భాగం వైపున క్యాన్ హై నుంచి ఆ భాగపు గ్రౌండ్ పిన్నుకు, క్యాన్ లో నుంచి అదే గ్రౌండ్ పిన్నుకు నిరోధం కొలవండి. రెండూ కిలో ఓమ్‌ల స్థాయిలో, ఒకదానికొకటి దగ్గరగా ఉండాలి. ఒకటి మిగతా దానికంటే బాగా పడిపోయి ఉంటే ఆ భాగం ట్రాన్సీవర్ దెబ్బతిన్నదని అనుమానించవచ్చు. మీ కంట్రోలర్‌ను మార్చాలా వద్దా అన్నదానికి మొదటి సాక్ష్యం ఇక్కడ దొరుకుతుంది.

ఇప్పుడు అన్నీ తిరిగి కలిపి, విద్యుత్తు ఇచ్చి, ఒక్కో వైరుకూ గ్రౌండుకూ మధ్య వోల్టేజీ చూడండి. లైను నిశ్శబ్దంగా ఉన్నప్పుడు రెండూ 2.5 వోల్టుల దగ్గర ఉంటాయి. సందేశంలో డామినెంట్ బిట్ (రెండు వైర్ల మధ్య వోల్టేజీ తేడాతో పంపే బిట్) వచ్చినప్పుడు క్యాన్ హై 3.5కు ఎక్కుతుంది, క్యాన్ లో 1.5కు దిగుతుంది. మల్టీమీటర్‌కు ఆ వేగం అందదు కనుక సగటు మాత్రమే చూపుతుంది: హై 2.5 కంటే కొంచెం పైన, లో అంతే మేరకు కింద, రెండూ కలిపితే 5 వోల్టుల దగ్గర. ఒకటి సున్నాకో 12 వోల్టులకో అతుక్కుపోయి ఉంటే వైరు ఎక్కడో బాడీకో సరఫరాకో తగులుతోందని అర్థం.

ఇదంతా నిలిచి ఉన్న బండి మీద కొలతే. మీ లోపం ర్యాంపు మీద వస్తోంది కాబట్టి ఇవన్నీ సరిగా వచ్చినా నెట్‌వర్క్ బాగుందని నిర్ణయించకండి. విద్యుత్తు ఆపి, మీటరు ఓమ్‌లలో పెట్టి, ఒకరు మీటరు చూస్తుండగా మరొకరు హార్నెస్‌ను (వైర్ల కట్టను) ప్రతి కనెక్టర్ దగ్గర, ప్రతి వంపు దగ్గర మెల్లగా వంచి, లాగి, ఊపి చూడాలి. అంకె ఎక్కడ కదిలితే లోపం అక్కడే ఉంది.

సమాధానం (పాలిటెక్నిక్ అధ్యాపకుడు)

కొలతల గురించి పైన చెప్పినదానికి నేను చేర్చవలసింది లేదు. అడాప్టర్ వాడకం గురించి మాత్రం వివరంగా రాస్తాను, ఎందుకంటే దాన్ని తప్పుగా తగిలిస్తే బాగున్న లైను కూడా చెడిపోయినట్టు కనిపిస్తుంది.

నడుస్తున్న బండికి అడాప్టర్‌ను వినే పద్ధతిలో, అంటే లిజన్ ఓన్లీ మోడ్‌లో మాత్రమే కలపండి. మామూలు మోడ్‌లో ఉంచి లైను వేగం 250 కిలోబిట్లు అయితే మీరు 500 అని పెట్టారనుకోండి, అడాప్టర్‌కు ప్రతి సందేశమూ తప్పుగానే కనిపిస్తుంది, వెంటనే అది ఎర్రర్ ఫ్రేమ్ (తప్పు జరిగిందని చెప్పే సంకేతం) పంపి ఆ సందేశాన్ని చెడగొడుతుంది. అప్పుడు బండి నిజంగానే ఆగిపోవచ్చు. అడాప్టర్ లోపల 120 ఓమ్‌ల టర్మినేటర్‌కు స్విచ్ ఉంటే దాన్ని ఆపి ఉంచండి.

బల్ల మీద పెట్టి ఒక భాగాన్ని విడిగా పరీక్షించేటప్పుడు దీనికి పూర్తిగా వ్యతిరేకంగా చేయాలి. క్యాన్ పద్ధతిలో పంపిన ప్రతి సందేశాన్నీ లైను మీద ఉన్న మరొక భాగమైనా అందిందని అదే ఫ్రేములో ఒక బిట్‌తో ధ్రువీకరించాలి. డిస్‌ప్లేను ఒంటరిగా 12 వోల్టుల సరఫరాకు కలిపి, అడాప్టర్‌ను వినే పద్ధతిలోనే ఉంచితే ధ్రువీకరించే వారెవరూ ఉండరు. ఆ డిస్‌ప్లే ఒకే సందేశాన్ని మళ్లీ మళ్లీ పంపుతూనే ఉంటుంది. దాన్ని చూసి భాగం పాడైందని పక్కన పడేసిన సందర్భాలు ఉన్నాయి. బల్ల మీద అడాప్టర్ మామూలు మోడ్‌లో, సరైన వేగంతో, వైర్ల రెండు చివరలా 120 ఓమ్‌ల రెసిస్టర్లతో ఉండాలి.

ఇక లోపాల లెక్క గురించి. 1986లో బాష్ సంస్థ డెట్రాయిట్‌లో జరిగిన ఎస్ఏఈ (వాహన ఇంజినీర్ల సంఘం) సదస్సులో క్యాన్‌ను పరిచయం చేసినప్పటి నుంచీ ఈ పద్ధతికి ఉన్న బలం, ప్రతి భాగమూ తన తప్పులను తానే లెక్కపెట్టుకోవడం. సందేశం పంపడంలో తప్పు జరిగితే పంపిన భాగపు కౌంటరుకు 8 కలుస్తుంది, సరిగా పంపితే 1 తగ్గుతుంది. కౌంటరు 127 దాటితే ఆ భాగం ఎర్రర్ పాసివ్ స్థితికి పోయి, ఇతరుల సందేశాలను ఆపే హక్కు కోల్పోతుంది. పంపే కౌంటరు 255 దాటితే బస్ ఆఫ్ అయి లైను నుంచి పూర్తిగా తప్పుకుంటుంది. తాళం ఆపి వేస్తే మీ హెచ్చరిక పోవడానికి ఇలాంటి పునఃప్రారంభం ఒక కారణం కావచ్చు. మోటార్ కంట్రోలర్ ప్రోగ్రామింగ్ సాఫ్ట్‌వేర్ మీ వద్ద ఉంటే కొన్ని కంట్రోలర్లలో ఈ కౌంటర్లను చూడవచ్చు.

మీరు చేయవలసిన అసలు పరీక్ష ఇది. ల్యాప్‌టాప్‌ను బండిలో భద్రంగా కట్టి, నిండు బరువుతో ర్యాంపు ఎక్కిస్తూ లైను మీది సందేశాలన్నీ సమయంతో సహా రికార్డు చేయండి. బీఎంఎస్ వంటి భాగాలు తమ సందేశాలను నిర్ణీత వ్యవధిలో, ఉదాహరణకు 100 మిల్లీసెకన్లకు ఒకసారి, పంపుతూనే ఉంటాయి. హెచ్చరిక వచ్చిన క్షణంలో ఏ ఐడీలు (సందేశాల గుర్తింపు సంఖ్యలు) ఆగిపోయాయో చూడండి. ఒక్క భాగం ఐడీలే ఆగి మిగతావి సాగితే లోపం ఆ భాగంలోనో, దాని కొమ్మలోనో, దాని విద్యుత్ సరఫరాలోనో ఉంది. అన్నీ ఒకేసారి చెల్లాచెదురై ఎర్రర్ ఫ్రేములు కుప్పలుగా వస్తే లోపం అందరికీ ఉమ్మడి అయిన ప్రధాన లైనులో ఉంది.

ప్రశ్న అడిగినవారు (కర్మాగార నిర్వహణ)

ఇద్దరికీ కృతజ్ఞతలు. కొలతలు ఇవి. విద్యుత్తు ఆపి డయాగ్నస్టిక్ సాకెట్ వద్ద చూస్తే 40 ఓమ్‌లు వచ్చాయి. జీపీఎస్ పరికరం విప్పగానే 60 అయింది. దాన్ని విప్పి ఉంచి బీఎంఎస్ కనెక్టర్ తీస్తే 120, తిరిగి పెట్టి మోటార్ కంట్రోలర్ తీస్తే అప్పుడూ 120. చార్జర్, డిస్‌ప్లే తీసినప్పుడు మార్పు లేదు. ఏ భాగం వైపు నుంచి చూసినా హై, లో రెండింటికీ గ్రౌండుకూ మధ్య నిరోధాలు కిలో ఓమ్‌లలో, సమానంగానే ఉన్నాయి. మోటార్ కంట్రోలర్‌లోనూ తేడా కనిపించలేదు.

హార్నెస్ ఊపి చూసినప్పుడు బ్యాటరీ పెట్టె పక్కన ఉన్న కనెక్టర్ దగ్గర మాత్రం 60 ఉన్న అంకె ఒక్కసారిగా 120కి ఎగిరి మళ్లీ దిగింది. జీపీఎస్ పరికరం విప్పి ఉంచే ర్యాంపు మీద రికార్డు చేశాము. హెచ్చరిక ఈసారి కూడా వచ్చింది. ఆ సమయంలో బీఎంఎస్ ఐడీలు మాత్రమే ఆగిపోయాయి, కంట్రోలర్, డిస్‌ప్లే సందేశాలు సాగుతూనే ఉన్నాయి. అయితే రెండు లోపాలు కనిపిస్తున్నాయి కదా, వీటిలో అసలు కారణం ఏది? 40 ఓమ్‌లు ఉన్నా బండి ఇంతకాలం ఎలా నడిచింది?

సమాధానం (వాహన వైరింగ్)

మీ హెచ్చరికకు కారణం బ్యాటరీ పెట్టె దగ్గరి కనెక్టరే అని నేను అనుకుంటున్నాను. అక్కడ ఒక వైరు విడిపోయినప్పుడు బీఎంఎస్‌తో పాటు దానిలోని టర్మినేటర్ కూడా లైను నుంచి తప్పుకుంటుంది, అందుకే 60 కాస్తా 120 అవుతోంది. ఇంత పొట్టి లైను మీద, ఇంత తక్కువ వేగంలో ఒకే టర్మినేటర్‌తో కూడా మిగతా భాగాలు మాట్లాడుకోగలవు. మీ రికార్డులో కనిపించినది సరిగ్గా అదే. బీఎంఎస్ నుంచి కరెంటు పరిమితి సమాచారం రానప్పుడు కంట్రోలర్ వేగం తగ్గించడం లోపం కాదండీ, అది బ్యాటరీని కాపాడటానికి చేయవలసిన పని. నిండు బరువుతో ర్యాంపు ఎక్కేటప్పుడు ఛాసిస్ కొద్దిగా మెలితిరుగుతుంది, బ్యాటరీ పెట్టె కదులుతుంది, ఆ లాగుడు హార్నెస్ మీద పడుతుంది. ఖాళీ బండి చదునుగా పోతున్నప్పుడు ఆ కదలిక ఉండదు.

40 ఓమ్‌ల సంగతి వేరు. ఐఎస్ఓ 11898 ప్రమాణం ట్రాన్సీవర్ 50 నుంచి 65 ఓమ్‌ల భారం మీద కనీసం 1.5 వోల్టుల తేడాను ఇవ్వాలని అడుగుతుంది. వినే వైపు 0.9 వోల్టులు దాటితే డామినెంట్ బిట్‌గా గుర్తిస్తుంది. భారం 40కి పడితే ఆ తేడా తగ్గుతుంది కానీ వెంటనే 0.9 కిందికి పోదు. కాబట్టి బండి నడుస్తుంది, విద్యుత్ చప్పుడు (నాయిస్) తట్టుకునే శక్తి మాత్రం తగ్గిపోతుంది. మోటార్‌కు కరెంటు ఎక్కువ పోతున్నప్పుడు కంట్రోలర్ నుంచి మోటార్‌కు పోయే ఫేజ్ కేబుళ్ల పక్కనుంచి పోయే క్యాన్ వైర్లలోకి చప్పుడు ఎక్కువ చేరుతుంది. దాన్ని కూడా సరిచేయకుండా వదలవద్దు.

కనెక్టర్ విప్పి పిన్నులను వెలుతురులో చూడండి. ఆకుపచ్చ తుప్పు ఉందా, రబ్బరు సీల్ జరిగిందా, పిన్ను వెనక్కి తోసుకుపోయిందా గమనించండి. బండిని నీటి ఒత్తిడితో కడిగే అలవాటు ఉంటే అక్కడ నీరు చేరే అవకాశం ఎక్కువ. సాకెట్ వైపు టెర్మినల్‌లోకి అదే కొలత గల కొత్త పిన్నును దూర్చి బయటకు లాగితే కొంత పట్టు తెలియాలి. జారిపోతే ఆ టెర్మినల్ వదులైంది, మార్చాలి. మీటరు ప్రోబ్‌ను టెర్మినల్ లోపలికి గట్టిగా గుచ్చకండి, బాగున్నది కూడా దానితో వదులవుతుంది. పిన్ను బాగానే ఉంటే క్రింప్ (వైరుకు పిన్నును నొక్కి బిగించిన చోటు) వద్ద, తొడుగు లోపల వైరు పోగులు తెగి ఉండవచ్చు; వైరును మెల్లగా లాగితే తొడుగు సాగినట్టు అనిపిస్తుంది. మార్చేటప్పుడు సరైన క్రింపింగ్ పనిముట్టు వాడండి, సోల్డర్ పోయకండి. కదిలే చోట సోల్డర్ పక్కనే వైరు గట్టిపడి తెగుతుంది. రెండు వైర్ల మెలికను కనెక్టర్ దాకా వీలైనంత దగ్గరగా ఉంచి, కనెక్టర్‌కు ముందు హార్నెస్‌ను పెట్టెకు క్లిప్పుతో బిగించండి. లాగుడు క్లిప్పు మీద పడాలి కానీ పిన్ను మీద పడకూడదు.

సమాధానం (బ్యాటరీ సర్వీసు)

ఒక్క విషయం చేర్చాలి. బీఎంఎస్ ఐడీలు ఆగిపోవడానికి దాని విద్యుత్ సరఫరా క్షణకాలం పడిపోవడం కూడా కారణం కావచ్చు. అదే కనెక్టర్‌లో బీఎంఎస్‌కు మేల్కొలుపు సంకేతం, కొన్ని బండ్లలో 12 వోల్టుల సరఫరా కూడా పోతాయి. క్యాన్ పిన్ను సరిచేసి ఊరుకోకుండా, మీటరును కనిష్ఠ గరిష్ఠ విలువలు పట్టుకునే మోడ్‌లో పెట్టి, ర్యాంపు మీద ఆ పిన్నుల వోల్టేజీ ఎంతవరకు దిగుతోందో చూడండి. అలాగే బీఎంఎస్ క్యాన్ గ్రౌండుకూ కంట్రోలర్ గ్రౌండుకూ మధ్య వోల్టేజీని అదే ర్యాంపు మీద కొలవండి. గ్రౌండ్ వైరు వదులై ఉంటే మోటార్ కరెంటు పెరిగినప్పుడు ఆ తేడా పెరుగుతుంది, ట్రాన్సీవర్ తట్టుకునే హద్దు దాటితే సందేశాలు పోతాయి. బీఎంఎస్‌లో ఐసొలేటెడ్ క్యాన్ (బ్యాటరీ సర్క్యూట్ నుంచి విద్యుత్ పరంగా వేరు చేసిన క్యాన్) ఉంటే దాని గ్రౌండ్ పిన్ను బ్యాటరీ నెగెటివ్‌కు కలిసి ఉండదు. ఆ రెంటినీ మీ అంతట మీరు కలపకండి, ఆ ఐసొలేషన్ భద్రత కోసమే పెట్టారు.

ప్రశ్న అడిగినవారు (కర్మాగార నిర్వహణ)

కనెక్టర్‌లో క్యాన్ లో టెర్మినల్ వదులుగా ఉంది, లోపల తేమ గుర్తులూ ఉన్నాయి. కొత్త టెర్మినల్, సీల్ వేసి, హార్నెస్ బిగించాము. సరఫరా వోల్టేజీ, గ్రౌండ్ తేడా రెండూ ర్యాంపు మీద నిలకడగానే ఉన్నాయి. నిండు బరువుతో మళ్లీ రికార్డు చేస్తే బీఎంఎస్ సందేశాల మధ్య ఖాళీ కనిపించలేదు. జీపీఎస్ పరికరం మాత్రం యాజమాన్యానికి తప్పనిసరిగా కావాలి. దాని వైరు డ్యాష్‌బోర్డు వెనుక నుంచి వెనక సీటు కింద వరకు, మెలిక లేని రెండు విడి వైర్లుగా వచ్చింది. దాన్ని ఎలా కలపాలి?

సమాధానం (వాహన వైరింగ్)

వాణిజ్య వాహనాల జె1939 ప్రమాణం 250 కిలోబిట్ల వేగం వద్ద ప్రధాన లైనును 40 మీటర్లకు, కొమ్మను 1 మీటరుకు పరిమితం చేస్తుంది. మీ బండి ఆ ప్రమాణం పాటించినా పాటించకపోయినా ఈ కొలతలను హద్దుగా పెట్టుకోవచ్చు. పరికరాన్ని డ్యాష్‌బోర్డు దగ్గరికే మార్చండి, మెలివేసిన జతతో, మీటరు లోపు కొమ్మతో కలపండి. లోపలి టర్మినేటర్‌ను జంపర్‌తోనో సెట్టింగ్‌తోనో ఆపే వీలుందా అని దాన్ని అమర్చినవారిని అడగండి. వీలు లేదంటే వైరు తొడుగు మీదుగానే సందేశాలు చదివే కాంటాక్ట్‌లెస్ రీడర్ ద్వారా కలపమనండి; దానితో లైను మీద భారం పడదు. ఏది చేసినా పని అయ్యాక విద్యుత్తు ఆపి సాకెట్ వద్ద 60 ఓమ్‌లు వచ్చాయని చూసి, ర్యాంపు మీద ఒక రికార్డు తీసి దాచుకోండి. మిగతా బండ్లకు కూడా అదే జీపీఎస్ పరికరం అమర్చి ఉంటే వాటి సాకెట్ల దగ్గరా ఈ వారంలోనే మీటరు పెట్టి చూడండి.